హాఫ్‌ప్యాంటు భాయీజీ

2021 అక్టోబర్ 27 పొద్దున వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఫోన్ చూశాను. సుబ్బారావు గారు పోయారని ఒడిశా నుంచి నా నేస్తం మెసేజ్ పెట్టింది. రాజస్థాన్ జైపూర్‌లో, ఆస్పత్రిలో. 92 ఏళ్లు. నిండు వయసే, అయినా చేతిలో చిక్కుడుకాయ చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.

ఆ కబురు మా చుట్టాల గ్రూపులో పెడితే వచ్చిన మొదటి ప్రశ్న: "ఏ సుబ్బారావు? మనోళ్లేనా?" మనోళ్లంటే ఎవరని నేను అడగలేదు. తెలుగునాట వీధికో సుబ్బారావు ఉంటాడు కాబట్టి ఆ అనుమానం సహజమే. ఈయన మాత్రం బెంగళూరులో పుట్టారు, 1929 ఫిబ్రవరి 7న. పేరు ముందున్న ఎస్.ఎన్. అంటే సేలం నంజుండయ్య. ఉత్తరాదిలో ఆ పేరు పలకడం కష్టమనో, ప్రేమతోనో, అందరూ భాయీజీ అనేవాళ్లు. మేమూ అట్లాగే అన్నాం.

ఆ రోజు టీవీలో, మర్నాడు పేపర్లలో ఆయన గురించి వచ్చిన వార్తలన్నీ దాదాపు ఒకే మూసలో ఉన్నాయి. చంబల్ బందిపోట్ల చేత తుపాకులు దింపించిన గాంధేయవాది ఇక లేరు, అని. అబద్ధమేం కాదు. 1960లో వినోబా భావే ఆ లోయలో పాదయాత్ర చేసినప్పుడు ఇరవై మంది లొంగిపోయారు. 1972 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని జౌరా దగ్గర జయప్రకాశ్ నారాయణ్ ఎదుట, గాంధీ పటం ముందు, మోహర్‌సింగ్, మాధోసింగ్ లాంటి పేరుమోసిన ముఠా నాయకులు ఆయుధాలు పెట్టేశారు. ఆ విడతలో లొంగినవాళ్ల సంఖ్య వందల్లోకి వెళ్లింది. దానికి వేదికైన జౌరా గాంధీ సేవాశ్రమం సుబ్బారావు గారు 1970లో పెట్టింది. ఆయన చితి వెలిగిందీ అక్కడే.

ఇంత పెద్ద కథ చేతికి దొరికాక విలేకరులు ఇంకోటి ఎందుకు వెతుకుతారు? నాకు మాత్రం ఆ కథతో పేచీ ఉంది. ఆయన బతికినన్నాళ్లూ చేసిన పని కుర్రాళ్ల శిబిరాలు నడపడం. ఒక రాష్ట్రంలో శిబిరం ముగిస్తే ఇంకో రాష్ట్రానికి రైలెక్కడం, అక్కడ మళ్లీ మొదలుపెట్టడం. యాభై ఏళ్లకు పైగా ఇదే. తుపాకుల కథ చెప్పుకుంటే మనకి హాయి. మన ఇంటి పక్కన చంబల్ లేదు, మాధోసింగూ లేడు, కాబట్టి మనం చేయాల్సిందీ ఏమీ లేదు. పిల్లల్ని పోగేసి పది రోజులు వాళ్లతో మట్టి మోయించి, పాటలు పాడించిన ముసలాయన కథ చెప్పుకుంటే, మరి ఆ పని మన ఊళ్లో ఎందుకు లేదని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ఎవరూ చెప్పుకోరు.

నేను వెళ్లిన శిబిరం జౌరాలోనే. పాతికేళ్లు దాటింది. హనుమకొండలో డిగ్రీ రెండో ఏడు అయిపోయిన వేసవి. ఎన్నెస్సెస్ సారు మా కాలేజీ నుంచి ఇద్దరు ఆడపిల్లల పేర్లు రాశారు, అందులో ఒకటి నాది. బాపు విని, "చంబలా? అది దొంగల జాగ గాదా బిడ్డా?" అన్నాడు. సారు పాపం ఇంటికొచ్చి కరపత్రం చూపించారు. దాని మీద తెల్ల ఖద్దరు చొక్కా, ఖాకీ నిక్కరు వేసుకుని నవ్వుతున్న పెద్దమనిషి ఫోటో. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయన ఆరెస్సెస్సా?" అన్నాడు. అప్పటికి వాళ్లింకా ప్యాంట్లలోకి మారలేదు మరి. కాదండీ, కాంగ్రెస్ సేవాదళ్‌లో పనిచేసి వచ్చిన మనిషి అని సారు చెప్పేసరికి బాపు మొహం ఇంకా ముడుచుకుంది. ఆయన జీవితమంతా ఎర్రజెండా మనిషి. చివరికి అమ్మ కల్పించుకుని మామిడికాయ తొక్కు సీసా, రెండు దుప్పట్లు సర్దడం మొదలుపెట్టింది. మా ఇంట్లో నిర్ణయాలు అట్లాగే జరిగేవి.

కాజీపేటలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు గ్వాలియర్‌లో దిగాం. అక్కడి నుంచి జౌరాకి చిన్న రైలు. చిన్న అంటే నిజంగా చిన్నదే. సింధియా రాజులు వేయించిన లైను, పట్టాల మధ్య రెండడుగుల ఎడం. గ్వాలియర్ నుంచి శ్యోపూర్ దాకా రెండొందల కిలోమీటర్లు అట్లాగే మెల్లగా పోయేది. పెట్టెలో ఎంతమందో, పైకప్పు మీద అంతమంది. ఎండకి ఇనుప కిటికీ ముట్టుకుంటే చెయ్యి కాలింది. పక్కన కూర్చున్న ముసలమ్మ మమ్మల్ని చూసి ఏదో అడిగింది. మా హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ. "భాయీజీ" అన్నాం. ఆమె తల ఊపి, కాళ్లు ముడుచుకుని మా సంచులకి చోటిచ్చింది. 2020లో ఆ రైలు ఆగిపోయింది. దాని చోట పెద్ద లైను పని మొదలుపెట్టారు.

చంబల్ అనగానే కొండలూ గుట్టలూ ఊహించుకున్నాను. అట్లా ఏం ఉండదు. మామూలు చదునైన మట్టి నేలే, ఒక్కసారిగా తెగిపోయి కింద గండ్లు, ఆ గండ్ల పక్కన ఇంకా గండ్లు. వాటిని బీహడ్ అంటారు. మెత్తటి ఒండ్రుమట్టిని వాననీళ్లు కోసుకుంటూ పోయి చేసిన సందులవి. ఒక మనిషి అందులోకి దిగితే పదడుగుల దూరంలో ఉన్నవాడికి కూడా కనపడడు. బందిపోట్లు ఎందుకు అక్కడే తిరిగారో అప్పుడు అర్థమైంది. ఏటా వానాకాలం అంచున ఉన్న చేన్లు కొంచెం కొంచెం ఆ సందుల్లోకి జారిపోతుంటాయి. పొలం పోయినవాడికి పక్కవాడితో గొడవ, గొడవకి పగ, పగకి తుపాకి. అన్ని కథలూ అదే దారిలో వచ్చినవని చెప్పను గానీ, ఆ ఊళ్లలో ముసలివాళ్లు చెప్పేవాటిలో చాలావరకు భూమి తగాదా దగ్గరే మొదలయ్యేవి.

మొదటి సాయంత్రం గోడకి ఒక కాగితం అంటించారు. ఎవరెవరు ఏ జట్టులో అని. నా పేరు మరుగుదొడ్ల జట్టులో ఉంది. నా కూడా వచ్చినమ్మాయి పేరు వంట జట్టులో ఉందని రాత్రంతా అసూయపడ్డాను. తెల్లారి చీకటితోనే ఈల. కళ్లు నులుముకుంటూ బయటికొస్తే ఖాకీ నిక్కరు ఆయన అప్పటికే మైదానంలో ఉన్నారు. అప్పటికి డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. "ఏక్ ఘంటా దేహ్ కో, ఏక్ ఘంటా దేశ్ కో" అనేది ఆయన నినాదం. రోజుకి గంట ఒంటికి, గంట దేశానికి. ముందు వ్యాయామం, తర్వాత శ్రమదానం. మా శిబిరంలో ఆ దేశం గంట రెండు గంటలు నడిచేది, ఎవరూ గడియారం చూసేవాళ్లు కాదు.

శ్రమదానం అంటే పక్క ఊరికి పోయే బండిబాట వానకి తెగకుండా అంచుకి కట్ట పోయడం. అబ్బాయిలు గడ్డపారలతో తవ్వితే, పారలతో తట్టలు నింపి వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందించాలి. వరస చెదరకుండా ఉండటానికి లెక్క పెట్టేవాళ్లం, ఒక్కో పూట ఒక్కో భాషలో. బెంగాలీ పూట అయ్యాక మలయాళం పూట. తెలుగు పూట వచ్చినప్పుడు నేను "ఒకటి" అంటే అవతలి చివర నుంచి "వొక్కటీ" అని అరుపు. ఎనిమిది దగ్గర అందరూ తడబడేవాళ్లు. మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కి రొట్టె తుంచడం కూడా కష్టమయ్యేది. అన్నం ఒక పూటే. అమ్మ పెట్టిన తొక్కు సీసా నాలుగు రోజుల్లో ఖాళీ అయింది.

భాయీజీతో నేను విడిగా మాట్లాడింది దాదాపు ఏమీ లేదు. ఇది చెప్పుకోవడానికి కొంచెం నామోషీగానే ఉంటుంది, ఎందుకంటే ఆయన పోయాక ప్రతివాళ్లూ "నాతో ఆయన అన్నారు" అని మొదలుపెట్టారు. నాకు గుర్తున్నదంతా గొంతే. సాయంత్రం సర్వధర్మ ప్రార్థన ఆయనే పాడించేవారు. మైకు లేకపోయినా చివరి వరసకి వినపడే గొంతు. చివర్లో "జయ్ జగత్". జై హింద్ అనడం అలవాటైన మాకు మొదటి రోజు అది వింతగా తోచింది. దేశం పేరుతో పెట్టిన శిబిరంలో ప్రపంచానికి జేజేలు కొట్టడం ఏమిటి? అది వినోబా ఇచ్చిన నినాదమని తర్వాత తెలిసింది.

అసలు చెప్పాల్సింది స్టోరు సంగతి. మూడో రోజున శిబిరం పనులు చూసే అక్క నన్ను పిలిచి స్టోరు తాళంచెవి చేతిలో పెట్టింది. గోధుమపిండి, కందిపప్పు, బెల్లం, నూనె, కట్టెలు. ఏ పూట ఎంత కావాలో కొలిచి వంట జట్టుకి ఇవ్వాలి, రాసుకోవాలి. నూట ఇరవై మందికి. ఇంట్లో నేను ఎప్పుడూ సోలెడు బియ్యం మించి కొలిచింది లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వడ్డన మధ్యలో పప్పు అయిపోయింది. ఇంకా నలభై మంది ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా కడుపులో దేవినట్టు అయింది. తాళంచెవి కొంగు ముడి విప్పి పట్టుకుని అక్క దగ్గరికి పోయాను, అడగకముందే ఇచ్చేద్దామని. ఆమె నా చెయ్యి చూసింది, తాళంచెవి చూసింది, "సాయంత్రానికి ఎంత తీస్తావు?" అంది. అంతే. తీసుకోలేదు. శిబిరం అయిపోయేదాకా అది నా కొంగునే ఉంది.

ఇప్పటికీ నేను ఎవరి మీదైనా నమ్మకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ కొంగు ముడి గుర్తొస్తుంది. ఆ అక్క ఆ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన శిబిరాల్లో పని ముందు ఇస్తారు. అర్హత సంగతి తర్వాత.

ఆయనకి ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక ఊహ ఉంది. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా మొదలైనప్పుడు, బెంగళూరులో ఒక పిల్లాడు గోడల మీద ఆ రెండు మాటలూ రాస్తూ పోలీసులకి దొరికాడు. పదమూడేళ్లు. అది సుబ్బారావే. పదమూడేళ్ల వాడి రాతకి ఒక సామ్రాజ్యం పోలీసుల్ని పంపింది. ఆ వయసు పిల్లలు చేసేది ఆట కాదని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత ఆయన సేవాదళ్‌లో, దాన్ని స్థాపించిన డాక్టర్ హర్దీకర్ దగ్గర పనిచేశారు. ఆ సేవాదళ్ పుట్టింది మన గడ్డ మీదే, 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు. అదే సభల్లో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉన్న వాలంటీరు టికెట్ లేదని నెహ్రూని ఆపేసింది. ఆ పిల్లకి పద్నాలుగేళ్లు. పేరు దుర్గాబాయి. పెద్దయ్యాక ఆవిడ ఏమయ్యారో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ కథ మనం స్కూల్లో నిజాయితీ పాఠంగా చదువుకున్నాం. నాకిప్పుడు వేరేది కనపడుతుంది. దేశం నలుమూలల నుంచి నాయకులు వచ్చే చోట, ఒక ద్వారం పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో పెట్టినవాళ్లు ఎవరో ఉన్నారు. వాళ్ల పేరు ఏ పాఠంలోనూ లేదు.

తుపాకుల కథని కూడా నేను ఇట్లాగే చదువుకుంటాను. మాధోసింగ్ కాంట్రాక్టరు వేషంలో పట్నా వెళ్లి జేపీని కలిశాడు. మేం లొంగిపోతాం, మీరు మధ్యలో ఉండండి, అని అడిగాడు. తలకి వెల ఉన్న మనిషి మాట నమ్మాలా వద్దా? నమ్మారు. ఆ నమ్మకం నిలబడటానికి లోయలో చోటు కావాలి, ఊళ్లలో తెలిసిన మొహాలు కావాలి. అవి అప్పటికే అక్కడ ఉన్నాయి, పారలూ తట్టలూ పట్టుకుని. శిబిరాలు వేరు, ఆయుధాలు దింపడం వేరు అన్నట్టు రాసినవాళ్లు ఒకసారి జౌరాకి వెళ్లి ఆ ముసలివాళ్లని అడిగితే బాగుండేది.

బాపు ఇవేవీ ఒప్పుకోలేదు. నేను తిరిగొచ్చి బొబ్బలు చూపించి గొప్పలు పోతుంటే అంతా విని, "శ్రమదానమంటే వెట్టికి పెట్టిన ముద్దుపేరు" అన్నాడు. రోడ్డు వేయాల్సింది సర్కారు, కూలి ఇచ్చి వేయాలి. మీరు పోయి ఊరికే వేస్తే అక్కడి కూలోడి నోటికాడి కూడు తీసినట్టు గాదా? తెలంగాణలో వెట్టి చూసిన తరం మనిషి ఆ మాట ఊరికే అనడు. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు కూడా సగమే ఉంది. మేం పోసిన కట్ట ఆ ఊరికి పెద్దగా ఉపయోగపడిందని నేను అనుకోను. రెండు వానలు ఆగి ఉంటుందేమో. కానీ వెట్టిలో దొర గడీలో కూర్చుంటాడు. అక్కడ గడీ లేదు. తట్టల వరసలో ఐఏఎస్ ఆఫీసరు కొడుకు ఉన్నాడు, అతని పక్కన బీడీలు చుట్టే ఇంటి పిల్ల ఉంది. ఇద్దరి బొబ్బలూ ఒక్కలాగే చితికాయి. అది చెప్తే బాపు, "పది దినాల సమానత్వం" అని నవ్వాడు. ఆయన పోయేదాకా ఈ వాదన మా ఇద్దరి మధ్యా ఉంది. ఇద్దరికీ అదొక సరదా.

ఇంకో ఫిర్యాదు నాదే. జాతీయ సమైక్యత అనే మాట వినపడ్డ చోటల్లా మనం హిందీ నేర్చుకోవాలి, వాళ్లు ఏమీ నేర్చుకోనక్కర్లేదు. శిబిరంలోనూ మాటలన్నీ హిందీలోనే నడిచాయి. దక్షిణాది వాళ్లం సగం సగం అర్థమై బిక్కమొహాలు వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఈ లోటుని ఆయన కొంత పూడ్చింది 'భారత్ కీ సంతాన్'తో. అదొక పాటల ప్రదర్శన. పద్దెనిమిది భాషలు. ఒక్కో భాష వంతు వచ్చినప్పుడు ఆ కట్టుబొట్టుతో పిల్లలు ముందుకొచ్చి పాడతారు, వెనకున్న వాళ్లంతా అందుకుంటారు. కన్నడం తల్లిభాషగా పెరిగిన పిల్ల అస్సామీ పాడాల్సి వస్తుంది, హిందీ పిల్లాడు తమిళం పాడాల్సి వస్తుంది.

ఆ రాత్రి మా తెలుగు వంతు పెద్ద తమాషా. నా కూడా వచ్చిన అమ్మాయికి జ్వరం. తెలుగు అబ్బాయి ఒక్కడూ లేడు. జంటగా నిలబడటానికి అక్కడి మొరేనా వైపు పిల్లాడు ఒకడు ముందుకొచ్చాడు. వాళ్ల తాతల కాలంలో రాత్రిపూట తలుపు తీయడానికి భయపడ్డ ఊరు. అతనికి పంచె కట్టడం నాకు రాదు, అతనికీ రాదు. మైసూరు అబ్బాయి ఒకతను వాళ్ల పద్ధతిలో హడావుడిగా చుట్టి పంపాడు. వేదిక ఎక్కి రెండో లైనుకి వచ్చేసరికి పంచె జారడం మొదలైంది. అతను ఎడమ చేత్తో నడుం దగ్గర గట్టిగా పట్టుకుని, కుడి చెయ్యి చాపి, రాని తెలుగులో గొంతెత్తి పాడుతూనే ఉన్నాడు. ఒక్క అక్షరం వదల్లేదు. ఎవరో ఫోటో తీశారు.

1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూల్చేశాక దేశం తగలబడుతుంటే, 1993లో ఆయన ఇట్లాంటి పిల్లల్నే రైలెక్కించి సద్భావనా యాత్ర నడిపారు. రైలు ఆగిన ఊళ్లో సైకిళ్లు దించుకుని వీధుల్లో తిరిగి, పాటలు పాడి, మళ్లీ రైలెక్కేవాళ్లు. దానివల్ల అల్లర్లు ఆగాయా అంటే ఆగలేదు. తర్వాత ఎన్ని జరిగాయో మనకి తెలుసు. లెక్కలు అడిగేవాళ్ల ముందు సుబ్బారావు గారి పని ఎప్పుడూ తేలిపోతుంది. నేను కూడా లెక్కలు చూపించలేను. ఒడిశా నేస్తం, మొరేనా పంచె పిల్లాడు, నేను, ఇంకో ఐదారుగురం ఇప్పటికీ ఫోన్లలో మాట్లాడుకుంటాం. ఎన్నికలప్పుడు పోట్లాడుకుంటాం కూడా. గ్రూపులోంచి ఎవరూ వెళ్లిపోలేదు, అది మటుకు చెప్పగలను.

మా అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిన వారానికే కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది, రెండో సంవత్సరం సిలబస్ వేసవిలోనే మొదలవుతుందని. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని బోర్డు ప్రతి ఏడూ చెప్తుంది. కాలేజీలు ప్రతి ఏడూ పెడతాయి. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో 'సమ్మర్ క్యాంప్' అని రంగు కాగితం అంటించారు: రోబోటిక్స్, వేద గణితం, పబ్లిక్ స్పీకింగ్, అయిదు రోజులు, ఏసీ హాలు, చివర్లో సర్టిఫికెట్. పేరు అదే. ఈల లేదు, చీపురు లేదు.

తప్పు వాళ్ల మీద తోసేసి ఊరుకోవచ్చు. కానీ మా అమ్మాయి ఇంతవరకూ ఒంటరిగా రైలెక్కలేదు. ఇంటి రెండో తాళంచెవి మొన్న సంక్రాంతి దాకా దానికి ఇవ్వలేదు, పోగొడుతుందని టెన్షన్. ఎండలో ఆటో దొరకదని నేనే కాలేజీకి దింపుతాను, నేనే తెస్తాను. జౌరా సంగతి గొప్పగా రాస్తున్న ఈ మనిషి కాలేజీ వాళ్ల వేసవి ఫీజు కూడా మారు మాట్లాడకుండా కట్టేసింది. గూగుల్ పేలో.

మొన్న ఆదివారం అటక మీద పెట్టె దించితే ఆ ఫోటో బయటపడింది. మా అమ్మాయి చూసి, "ఈయనెవరు, పంచె పట్టుకుని ఏడుస్తున్నాడు?" అంది. ఏడవడం లేదు, పాడుతున్నాడు అన్నాను. తర్వాత మొత్తం చెప్పాల్సి వచ్చింది, చిన్న రైలు నుంచి స్టోరు దాకా. ఫోన్ పక్కన పెట్టి విన్నది, అది చిన్న విషయం కాదు.

అంతా విని, "మరి పప్పు అయిపోయిన రోజు ఆ నలభై మందీ ఏం తిన్నారు?" అని అడిగింది.

"రొట్టెల్లోకి మీ అమ్మమ్మ తొక్కు" అన్నాను.